రోబో రాకముందే మీ షిఫ్ట్‌ను కాగితం మీద పెట్టండి

మా షాపులో, అంటే లోహపు విడిభాగాలు కోసే చిన్న ఫ్యాక్టరీలో, మూడు సీఎన్‌సీ లేత్‌లకు (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే కోత మెషిన్లకు) ముగ్గురు ఆపరేటర్లం ఉండేవాళ్లం, ఇప్పుడు ఆ మూడింటినీ ఒక్కడే నడుపుతున్నాడు. మధ్యలో ఏ రోబో రాలేదు. ఒక ఆదివారం హైడ్రా క్రేన్ తెప్పించి మూడు మెషిన్లనూ యూ ఆకారంలో తిప్పి పెట్టారు, అంతే. సోమవారం పొద్దున షిఫ్ట్‌కు వెళ్లి చూస్తే నా మెషిన్ డోర్‌కు ఎదురుగా నాలుగడుగుల దూరంలో పక్క మెషిన్ డోర్ ఉంది, అసలు విషయం అర్థం కావడానికి నాకు టీ బ్రేక్ దాకా పట్టింది. ముగ్గురిలో ఒకతను అక్కడే ఉన్నాడు, ఒకతను ఇప్పుడు డెలివరీ బండి నడుపుతున్నాడు, నేను సెట్టింగ్‌లోకి, అంటే మెషిన్‌ను కొత్త పనికి సిద్ధం చేసే సెట్టర్ పనిలోకి మారాను.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు పనిచేసే కుర్రాళ్లు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే, "అన్నా, రోబోలొస్తే మన పని పోతుందా?" అని. ప్రశ్న అలా అడిగితే జవాబు దొరకదు. ఈ ఎనిమిది గంటల్లో నా చేతులు చేసే పనుల్లో ఏవి పోతాయి, ఏవి ఉంటాయి అని అడిగితే దొరుకుతుంది.

పెద్ద చదువులు చదివినవాళ్ల లెక్కల్లో కూడా తేడా అక్కడే వచ్చింది. 2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రే, ఆస్‌బోర్న్ అనే ఇద్దరు అమెరికాలోని ఉద్యోగాల్లో 47 శాతం యంత్రాలకు పోయే ప్రమాదం ఎక్కువగా ఉందన్నారు, ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. 2016లో ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి కోసం చేసిన ఇంకో అధ్యయనం 21 దేశాలను చూసి సగటున 9 శాతమే అంది. ఇంత తేడా ఎందుకంటే మొదటివాళ్లు ఒక ఉద్యోగాన్ని మొత్తంగా ఒకే ముద్దలా చూశారు, రెండోవాళ్లు ఆ ఉద్యోగం లోపల ఉన్న పనులను విడదీసి చూశారు. అవి మన షాపుల లెక్కలు కావు, కానీ విడదీసి చూసే పద్ధతి మాత్రం మనకు బాగా పనికొస్తుంది. మన పనిని మనమే విడదీసుకోవచ్చు, దానికి ఒక తెల్లకాగితం, పెన్ను చాలు.

ఒక మామూలు షిఫ్ట్ తీసుకోండి. బ్రేక్‌డౌన్ ఉన్న రోజు, ఆడిట్ ఉన్న రోజు వద్దు. అరగంటకోసారి, గడిచిన అరగంటలో ఏం చేశారో రెండు మాటల్లో రాయండి: జాబ్ (మెషిన్ మీద కోసే ముక్క) ఎక్కించడం దించడం, సైకిల్ (ఒక జాబ్ కోత) అయ్యేదాకా చూస్తూ నిలబడటం, కొలవడం, ఆఫ్‌సెట్ (సైజు సరిచేసే నంబరు) మార్చడం, ఇన్సర్ట్ (కోసే బిళ్ల) తిప్పడం, చిప్స్ (కోతలో రాలే లోహపు తుక్కు) లాగడం, సెట్టర్ కోసం ఎదురుచూడటం, మెటీరియల్ కోసం ఎదురుచూడటం, బర్ర్ (అంచున మిగిలే పదును) తీయడం. సాయంత్రం కూడండి. ఇలా మూడు రోజులు రాస్తే నిజం బయటపడుతుంది, ఒక్క రోజుది నమ్మొద్దు.

నేను నా పాత పనికి వేసిన లెక్క చూపిస్తాను. సైకిల్ టైమ్ 2 నిమిషాల 40 సెకన్లు, జాబ్ దించి ఇంకోటి ఎక్కించడానికి 20 సెకన్లు, అంటే ఒక్కో జాబ్‌కు 3 నిమిషాలు. షిఫ్ట్ 480 నిమిషాలు, భోజనం, టీ కలిపి 45 పోతే 435. అంటే 145 జాబ్‌లు. ఇప్పుడు నా చేతులు నిజంగా కదిలింది ఎంతసేపు? 145 సార్లు 20 సెకన్లు, మొత్తం 48 నిమిషాలు. మిగతా 386 నిమిషాలు మెషిన్ కోస్తోంది, నేను నిలబడి ఉన్నాను. మధ్యలో కొలిచాను, బర్ర్ తీశాను నిజమే, అవన్నీ కలిపినా గంటన్నర దాటలేదు. ఆ కాగితం చూసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇదే లెక్క మా ఓనర్ ఆరు నెలల ముందే వేసుకున్నాడు, అందుకే మెషిన్లు యూ ఆకారంలోకి తిరిగాయి.

కాబట్టి సైకిల్ టైమ్ ఎక్కువగా ఉండి, లోడింగ్ తక్కువగా ఉన్న పనిలో ముందు వచ్చేది రోబో కాదు, రెండో మెషిన్. ఆ తర్వాత మూడోది. చిన్న షాపుల్లో ఇదే అసలు ఆటోమేషన్, దీనికి పెట్టుబడి దాదాపు ఏమీ అక్కర్లేదు. సైకిల్ టైమ్ 30, 40 సెకన్లే ఉండి రోజంతా ఎక్కించడం దించడమే పనైతే మనిషి పక్క మెషిన్‌కు వెళ్లలేడు, అలాంటి చోట జాబ్‌ను మెషిన్‌కు దానంతటదే అందించే గ్యాంట్రీ లోడరో, బార్ ఫీడరో, రోబో చెయ్యో వస్తుంది. మీ కాగితంలో ఈ రెండిట్లో ఏది కనబడుతోందో చూసుకోండి.

తర్వాత చూడాల్సింది బ్యాచ్ సైజు. ఒకే జాబ్ నెలల తరబడి వేలల్లో నడుస్తుంటే, అందులోనూ గుండ్రంగా, ఒకే బరువుతో, పట్టుకోవడానికి సులువుగా ఉంటే, ఆ లైన్ మీద లోడింగ్ పని ఎక్కువ కాలం మనిషి చేతిలో ఉండదు. 20 పీసులు, 50 పీసులు చేసి రోజుకు రెండుసార్లు సెట్టింగ్ మార్చే జాబ్ షాపులో అయితే లోడింగ్‌కు రోబోను పెట్టడం అంత లాభం కాదు, ప్రతి జాబ్‌కూ గ్రిప్పర్ వేళ్లు, ట్రే, ప్రోగ్రామ్ మార్చుకుంటూ కూర్చోవాలి. బాలానగర్‌లో చిన్న చిన్న డిఫెన్స్, ఏరోస్పేస్ జాబ్‌లు చేసే షాపుల్లో పాత చేతులకు ఇంకా విలువ ఉండటానికి ఇదొక కారణం.

ఓనర్ ఎలా లెక్కేస్తాడో కూడా తెలిసుండాలి. రెండు షిఫ్టులకు ఇద్దరు ఆపరేటర్లు, ఒక్కొక్కరికి 18 వేలు అనుకుందాం, ఏడాదికి 4,32,000. దీనిపై పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్. లోడింగ్ సిస్టమ్‌కు అయ్యే ఖర్చును ఈ మొత్తంతో భాగించి రెండుమూడేళ్లలో తిరిగొస్తుందా అని చూస్తాడు. కానీ నేను గమనించినంతవరకు చాలాచోట్ల నిర్ణయం జీతం వల్ల కాదు, మనుషులు దొరక్క, పండగలకు ఊరెళ్లినవాళ్లు పది రోజులు ఆలస్యంగా వచ్చి, రాత్రి షిఫ్ట్‌లో మెషిన్ ఖాళీగా ఉండి తీసుకున్నదే. అందుకే జీతం తక్కువ కాబట్టి నన్ను తీసేయరు అనే ధైర్యం పెట్టుకోవద్దు.

షాపులో కొన్ని గుర్తులు ముందే కనబడతాయి. ఎవరో బయటివాళ్లు వచ్చి మీ వెనక నిలబడి స్టాప్‌వాచ్‌తో సైకిల్, లోడింగ్ విడివిడిగా రాసుకుంటారు. మెషిన్‌కు ఆటో డోర్ బిగిస్తారు. గుట్టగా వచ్చే ముడి జాబ్‌లు ఒక్కోదానికి ఒక్కో గూడు ఉన్న ట్రేల్లో రావడం మొదలవుతుంది. ఈ మూడోది చూసినప్పుడు నేనైతే ఇక మిగిలింది నెలలే అనుకుంటాను, ఎందుకంటే మనిషి చేయి గుట్టలోంచి తీసుకోగలదు, చాలా రోబోలకు మాత్రం జాబ్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.

ఇది నిన్నమొన్న వచ్చిన వింత కూడా కాదు. నంబర్లతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ను అమెరికాలోని ఎంఐటీ 1952లో చూపించింది. 1961లో జనరల్ మోటార్స్ న్యూజెర్సీ ఫ్యాక్టరీలో యూనిమేట్ అనే మొదటి పారిశ్రామిక రోబో పనిలోకి దిగింది, వేడి వేడి డై కాస్టింగ్‌లను బయటకు తీయడం దాని పని. మనవైపు చూస్తే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలైనప్పటి నుంచే బాడీ వెల్డింగ్ రోబోలతో సాగుతోంది. ఇన్నేళ్లూ పెద్ద కార్ల కంపెనీలకే పరిమితమైనది ఇప్పుడు ధర తగ్గి, ఇంజినీర్ లేకుండానే చేత్తో పట్టుకుని కదిపి నేర్పించేలా మారి, మనలాంటి షాపుల గుమ్మం దాకా వచ్చింది. తేడా అంతే.

లేత్ కాకుండా వేరే మెషిన్ నడిపేవాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ప్లాస్టిక్ మోల్డింగ్‌లో డోర్ తెరిచి పీసు తీసేవాళ్ల పని పోవడం సులువు, మోల్డ్ మార్చి, టెంపరేచర్, ప్రెషర్ సరిచేసి షార్ట్ షాట్ (అచ్చు పూర్తిగా నిండని పీసు) ఎందుకొస్తోందో చెప్పేవాళ్లది కష్టం. గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఆటో డాఫింగ్ (నిండిన నూలు కండెలను మెషినే తీసేయడం) అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఫార్మాలో టాబ్లెట్ కంప్రెషన్, బ్లిస్టర్ ప్యాకింగ్ ఆపరేటర్లకు మెషిన్‌తో పాటు బ్యాచ్ రికార్డు రాయడం, లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్‌ది ఏదీ మిగలకుండా చూడటం) కూడా పనే, దాన్ని తప్పులేకుండా చేసేవాళ్లను కంపెనీలు వదులుకోవు. పవర్ ప్రెస్ సంగతి వేరు. ప్రెస్ మీద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను, నాకు తెలిసినవాళ్లే. అక్కడ రేకును దానంతటదే అందించే కాయిల్ ఫీడర్ వస్తే నేను సంతోషిస్తాను, చెయ్యి డై మధ్యలోకి వెళ్లే పని మనిషి చేయాల్సినది కాదు. ఆ మనిషికి ఇంకో పని చూపించాలి, అంతేగాని ఆ పనిని కాపాడాలని మాత్రం నేను అడగను.

సరే, ఇప్పుడు ఏం నేర్చుకోవాలి. చాలామంది నేరుగా ప్రోగ్రామింగ్ కోర్సుకు పరుగెడతారు. నా సలహా అది కాదు. ముందు కొలత. వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్, ప్లగ్ గేజ్, వీటన్నిటినీ ఎవరూ పక్కన లేకుండా నమ్మకంగా వాడగలగాలి. డ్రాయింగ్ మీద ఉన్న ప్రతి గుర్తూ ఏమిటో తెలియాలి. కొలత రానివాడికి ఆఫ్‌సెట్ రాదు, ఆఫ్‌సెట్ రానివాడికి సెట్టింగ్ రాదు.

దగ్గరగా ఒకటి చూపిస్తాను. డ్రాయింగ్‌లో షాఫ్ట్ వ్యాసం 25 హెచ్6 అని ఉంది. షాఫ్ట్‌కు రాసే ఈ చిన్న హెచ్6 అంటే 25.000 నుంచి 24.987 మిల్లీమీటర్ల మధ్య రావాలి, మొత్తం 13 మైక్రాన్ల చోటు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). పొద్దున మెషిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక సైజు వస్తుంది, వేడెక్కాక ఇంకో సైజు వస్తుంది, ఇన్సర్ట్ అరిగేకొద్దీ బయటి వ్యాసం మెల్లగా పెరుగుతుంది. మైక్రోమీటర్‌లో 24.999 చూపించింది. పాసైంది కదా అని ట్రేలో పెట్టేసే ఆపరేటర్ ఒకరు. గంట ముందు 24.994 ఉంది, అరగంట ముందు 24.996, ఇది పైకి పోతోంది, ఇంకాసేపట్లో దాటేస్తుంది అని పట్టుకుని, వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలను సరిచేసే చోట) ఎక్స్‌కు, అంటే వ్యాసానికి, మైనస్ 0.006 ఇచ్చి 24.993 దగ్గరికి, అంటే చోటు మధ్యలోకి తెచ్చే ఆపరేటర్ ఇంకొకరు. ఇద్దరి జీతం ఇవాళ ఒకటే కావచ్చు. ఒక్కరినే ఉంచుకోవాల్సి వచ్చిన రోజున ఎవరిని ఉంచుకుంటారో మీకు తెలుసు.

ఆ నంబరు ఇచ్చేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. ఫానుక్ కంట్రోల్ ఉన్న మెషిన్ స్క్రీన్ మీద ప్లస్ ఇన్‌పుట్ నొక్కితే ఉన్న విలువకు కలుస్తుంది, ఉత్త ఇన్‌పుట్ నొక్కితే ఉన్నది చెరిగిపోయి కొత్తది కూర్చుంటుంది. కొత్తలో నేను ఆ తప్పు చేశాను. మైనస్ 0.042 ఉన్న చోట మైనస్ 0.006 పడింది, జాబ్ ఒక్కసారిగా 36 మైక్రాన్లు లావుగా వచ్చింది. లావుగా వచ్చింది కాబట్టి మళ్లీ కోసి బతికించాం, అదే సన్నబడి ఉంటే స్క్రాపే. ఆ రోజు మా సెట్టర్ అన్న తిట్టలేదు, "నంబరు కొట్టాక చెయ్యి వెనక్కి తీసుకో, చదువు, తర్వాత నొక్కు" అన్నాడు. ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఆటో గేజింగ్ (మెషినే కొలుచుకోవడం) ఉన్న లైన్లలో ఈ సవరణ కూడా మెషినే చేసుకుంటుంది, దాచాల్సిన పని లేదు. కానీ గేజ్ మీద సన్నటి చిప్ కూర్చుని తప్పు కొలత ఇచ్చినప్పుడు మెషిన్ ఆ తప్పునే నమ్మి ఆఫ్‌సెట్ మార్చుకుంటూ పోతుంది. వరసగా మూడు సవరణలు ఒకేవైపు ఎందుకు పడ్డాయని అనుమానం రావాల్సింది మనిషికే.

కొలత, ఆఫ్‌సెట్ తర్వాత సెట్టింగ్. సాఫ్ట్ జా (జాబ్‌ను పట్టే మెత్తటి దవడలు) బోరింగ్ చేయడం, టూల్స్ టచ్ చేసి ఆఫ్‌సెట్ తీయడం, వర్క్ జీరో (కొలతలు మొదలయ్యే చోటు) పెట్టడం, మొదటి జాబ్‌ను సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్‌కు ఆగుతూ), ఫీడ్ తగ్గించి, చెయ్యి ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) మీద పెట్టుకుని నడపడం. ఇది కోర్సులో రాదు, సెట్టర్ పక్కన నిలబడితేనే వస్తుంది. కొందరు సెట్టర్లు చూపించరు, తమ పని పోతుందని భయం, వాళ్లను తప్పు పట్టలేను. అలాంటివాళ్ల దగ్గర "నేర్పించన్నా" అని అడిగేకంటే జా తెచ్చివ్వడం, ఇన్సర్ట్‌లు శుభ్రం చేసివ్వడం, ఓటీ అయిపోయాక అరగంట ఉండిపోవడం ఎక్కువ పనిచేస్తుంది. చేతికి సాయం చేసేవాడిని ఎవరూ పొమ్మనరు. రాత్రి షిఫ్ట్ ఇంకా మంచిది. సెట్టర్ ఒక్కడే ఉంటాడు, ఒత్తిడి తక్కువ, అడిగితే చెబుతాడు.

ఆ తర్వాతే ప్రోగ్రామ్. రాయడం కంటే ముందు చదవడం. మీ మెషిన్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌నే నోట్‌బుక్‌లో ఎక్కించుకుని ప్రతి లైన్ పక్కన తెలుగులో అర్థం రాసుకోండి: జీ00 అంటే వేగంగా కదలడం, జీ01 అంటే కోస్తూ కదలడం, ఎం08 కూలెంట్ ఆన్. రోజుకు పది లైన్లు చాలు. ఏ టూల్ ఎక్కడ ఏం కోస్తోందో కళ్లు మూసుకుని చెప్పగలిగితే అలారం వచ్చినప్పుడు ఎక్కడ ఆగిందో, ఎక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చో మీకే తెలుస్తుంది. మూడు మెషిన్లు చూసే ఆపరేటర్‌కు ఈ ఒక్కటి రాకపోతే టెన్షన్‌తోనే షిఫ్ట్ అయిపోతుంది.

రోబో వచ్చేసిందా, దాన్ని చూసి దూరంగా జరగొద్దు. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ వెంటే ఉండండి. టీచ్ పెండెంట్ (రోబోకు పని నేర్పే రిమోట్) ఎలా పట్టుకోవాలి, హోమ్ పొజిషన్‌కు ఎలా తేవాలి, గ్రిప్పర్ పట్టు జారితే ఏ సెన్సార్ చూడాలి, ఇవి నేర్చుకున్నవాళ్లే ఆ సెల్‌కు (రోబో, మెషిన్ కలిసి ఉన్న చోటుకు) మనుషులవుతారు. రోబో ఆగేది చాలాసార్లు చిన్న కారణానికే. చక్‌లో (జాబ్‌ను పట్టుకునే భాగంలో) చిప్ మిగిలి జాబ్ సరిగ్గా కూర్చోదు, సెన్సార్ మీద కూలెంట్ పేరుకుంటుంది, ముడి జాబ్ రెండు మిల్లీమీటర్లు పొడవుగా వస్తుంది. వాటిని ముందుగా పసిగట్టేది ఇన్నేళ్లు చేత్తో జాబ్ ఎక్కించిన మీరే. ఒక్కటి మాత్రం మరచిపోవద్దు, ఫెన్స్ లోపలికి వెళ్లేముందు రోబోను లాక్ చేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి.

బయట ఎక్కడ నేర్చుకోవాలంటే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అందరూ సీఐటీడీ అంటారు. 1968లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, పదో తరగతి తర్వాత చేసే టూల్ అండ్ డై డిప్లొమాతో పాటు సీఎన్‌సీ, క్యాడ్ క్యామ్ లాంటి చిన్న కోర్సులూ ఉంటాయి. మీ తమ్ముళ్లు, పిల్లలు పదో తరగతిలో ఉంటే ఆ డిప్లొమా గురించి ఇప్పుడే కనుక్కోండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2024లో మల్లేపల్లి ఐటీఐలో మొదలుపెట్టారు, రోబోటిక్స్, సీఎన్‌సీ మెషిన్లు ఆ లిస్టులో ఉన్నాయి. మీ జిల్లా ఐటీఐకి ఒకసారి వెళ్లి చూసి రండి. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జ్ కోర్సు చేసి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదికి దారి ఉంది. పెళ్లయి పిల్లలున్నవాళ్లకు ఇది కష్టమే, 22 ఏళ్ల కుర్రాడికి మాత్రం కష్టం కాదు.

రెండు నెలల్లో ప్రోగ్రామర్‌ని చేస్తాం, జాబ్ గ్యారంటీ అని బోర్డు పెట్టే చోట్ల డబ్బు కట్టేముందు ఒకటే అడగండి: నడిచే మెషిన్ ఉందా, నా చేత్తో ఎన్ని గంటలు నడపనిస్తారు? కంప్యూటర్ సిమ్యులేటర్ మాత్రమే ఉంటే అంత ఫీజు దండగ.

నలభై దాటినవాళ్ల గురించి నాకు ఎక్కువ బాధ. కోడ్ నేర్చుకోమని వాళ్లకు చెప్పడం సులువు, ఇంటికెళ్లి చేసేది వాళ్లు. కానీ వాళ్ల దగ్గర చెవి ఉంటుంది, కోత శబ్దం మారగానే ఇన్సర్ట్ పోయిందని చెప్పేస్తారు. అలాంటివాళ్లు ఫైనల్ ఇన్‌స్పెక్షన్, టూల్ క్రిబ్ (టూల్స్ దాచి ఇచ్చే గది), కొత్తవాళ్లకు శిక్షణ, మెయింటెనెన్స్ సాయం, ఈ నాలుగింట్లో ఒకదానికి మారమని ఇప్పుడే, పని బాగా నడుస్తున్నప్పుడే అడగాలి. తీసేస్తున్నారని తెలిశాక అడిగితే బతిమాలినట్టు ఉంటుంది.

తీసేస్తే ఏం రావాలో కూడా తెలుసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త యంత్రాలు, కొత్త పద్ధతి వల్ల మనుషులను తగ్గించే అవకాశం ఉంటే ఆ మార్పుకు 21 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఏడాది పాటు ఆగకుండా పనిచేసిన కార్మికుడిని రిట్రెంచ్ చేస్తే, అంటే మనిషి ఎక్కువయ్యాడని తీసేస్తే, నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం రావాలి. దీనికి తోడు రీస్కిల్లింగ్ ఫండ్ కింద ఇంకో 15 రోజుల జీతాన్ని 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో వేయాలి. ఇవన్నీ రావాలంటే మీరు అక్కడ పనిచేశారని కాగితం ఉండాలి. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్), అన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లు నెలనెలా పీఎఫ్ పడుతోందో లేదో యాప్‌లో చూసుకోండి. "నేనే రాజీనామా చేస్తున్నాను" అని రాసిన తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే అప్పటికప్పుడు పెట్టొద్దు, ఇంటికి తీసుకెళ్లి చదివి, తెలిసినవాళ్లను అడిగి తర్వాత చూడండి. సొంతంగా మానేసినట్టు రాసిస్తే రిట్రెంచ్‌మెంట్ పరిహారం అడగడానికి దారి మూసుకుపోతుంది.

కొత్త చోటికి సెట్టర్‌గా వెళ్తే ట్రేడ్ టెస్ట్ పెడతారు. సర్టిఫికెట్లు చూసేది రెండు నిమిషాలే. ఒక డ్రాయింగ్, ఒక జాబ్, ఒక మైక్రోమీటర్ ముందు పెట్టి "సైజు చెప్పు" అంటారు. కంగారుగా కొలవడం మొదలుపెట్టొద్దు. ముందు గుడ్డతో మైక్రోమీటర్ ముఖాలు తుడిచి, మూసి జీరో చూసుకోండి. జాబ్ తుడవండి. ఒకే చోట కాకుండా రెండు చోట్ల, తిప్పి ఇంకోసారి కొలిచి, రెండు రీడింగులూ చెప్పండి. నన్ను తీసుకున్న చోట ఆ మైక్రోమీటర్ జీరో కావాలనే రెండు మైక్రాన్లు తప్పించి ఇచ్చారట, నాకు ముందు వచ్చిన ముగ్గురిలో ఎవరూ చూసుకోలేదని చేరాక ఇన్‌స్పెక్షన్‌లో ఉండే పెద్దాయన చెప్పాడు.